పాత మియాటా కొన్నారా? లాంగ్ ట్రిప్‌కు ముందు మూడు వారాల పని

మియాటా అంటే మాజ్డా కంపెనీ చేసే, పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. ఇక్కడ అమెరికాలో నెలకు ఒక్కసారైనా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. “అన్నా, పాత మియాటా తీసుకున్నాను. 38 వేల మైళ్లే తిరిగింది, నీట్‌గా ఉంది. వచ్చే శనివారం కొలరాడో బయలుదేరుతున్నాం. ఆయిల్ మార్పిస్తే సరిపోతుందా?”

సరిపోదు. వచ్చే శనివారం వద్దు. మూడు వారాలు ఆగండి.

తక్కువ మైళ్లు తిరిగిందని మీరు సంబరపడుతున్నారు చూశారా, నేను భయపడేది దానికే. పదిహేనేళ్ల స్పోర్ట్స్ కారు 38 వేలే తిరిగిందంటే, ఎక్కువ కాలం ఎవరి గరాజ్‌లోనో గుడ్డ కప్పుకుని నిలబడి ఉందని అర్థం. నిలబడ్డ కారులో టైర్లు గట్టిపడతాయి, బ్రేకు పిన్నులు పట్టేస్తాయి, బ్రేక్ ఆయిల్ నీరు పీల్చుకుంటుంది, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. ఆదివారం సాయంత్రం ఐస్‌క్రీమ్ షాపు దాకా వెళ్లొస్తే ఇవేవీ బయటపడవు. ఎండలో గంటకు 75 మైళ్ల వేగంతో ఆరు గంటలు ఆపకుండా నడిపితే అన్నీ ఒకేరోజు బయటపడతాయి, అదీ సెల్ సిగ్నల్ లేని చోట.

ఈ రాతంతా 2006 నుంచి 2015 మోడళ్ల మాజ్డా ఎంఎక్స్-5 మియాటా గురించి. అభిమానులు ‘ఎన్‌సీ’ అని పిలిచే మూడో తరం ఇది. నా దగ్గర ఉన్నదీ అదే, మనవాళ్లు ఎక్కువగా కొంటున్నదీ అదే. అంతకంటే పాతది, అంటే 1990-2005 మధ్య మోడలు కొని ఉంటే అదనంగా ఒక మాట: ఇంజన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పడానికి వాటిలో చైన్ కాదు, టైమింగ్ బెల్టు ఉంటుంది. 60 వేల మైళ్లకు మార్చాలి. ఎప్పుడు మార్చారో చూపే బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. “మార్పించినట్టు గుర్తు” అని అమ్మినాయన చెప్పే మాట బిల్లు కాదు.

ఉదాహరణకు దారి కూడా ఒకటి పెట్టుకుందాం: డల్లాస్ నుంచి విచిటా ఫాల్స్, అమరిల్లో, శాంటా ఫే, డురాంగో మీదుగా సిల్వర్టన్, యూరే. టెక్సస్ ఎండ, న్యూ మెక్సికో ఎడారి, చివర్లో 11 వేల అడుగుల కొండదారి. కారుకు ఇంతకంటే పూర్తి పరీక్ష ఉండదు. మీరు వేరేచోటికి వెళ్తున్నా పని ఇదే.

కావలసినవి

- టైరు గేజ్. పెట్రోల్ బంకులో గొట్టానికి ఉండేదాన్ని నమ్మవద్దు.
- టార్క్ రెంచి (నట్టు ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), 21 ఎంఎం సాకెట్.
- ఓబీడీ రీడర్. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివేది. ఇరవై ముప్పై డాలర్లది చాలు.
- చిన్న మల్టీమీటర్.
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. వంటింట్లో పెనం వేడి చూడటానికి కొన్నది ఉంటే అదే పనికొస్తుంది.
- పెద్ద అట్టపెట్టె ఒకటి, విప్పి పరచడానికి.
- పంక్చర్ ప్లగ్ కిట్, 12 వోల్టుల గాలి పంపు. ఇవి మీతో ప్రయాణానికి కూడా వస్తాయి.
- టార్చి, గ్లవ్స్, పాత బట్టలు.
- కారు కిందికి దూరే పని మీరే చేసుకునేట్టయితే జాకీతో పాటు రెండు జాక్ స్టాండ్లు. ఒక్క జాకీ మీద నిలిపిన కారు కిందికి తల పెట్టవద్దు. ఇందులో బేరం లేదు.

టార్క్ రెంచి లాంటివి కొననక్కర్లేదు. ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు, వెనక్కిస్తే డబ్బు తిరిగొస్తుంది. చాలాచోట్ల బ్యాటరీ కూడా ఊరికే పరీక్ష చేసిపెడతారు.

మొదటి వారం: రోగం ఏమిటో కనుక్కోవడం

1. కాగితాలు. ఇది పది నిమిషాల పని, కానీ ముందు ఇదే. టెక్సస్‌లో కొన్న 30 రోజుల్లోపు 130-యు ఫారం నింపి కౌంటీ టాక్స్ ఆఫీసులో టైటిల్ మీ పేరుకు మార్చుకోవాలి. ఇన్సూరెన్స్‌లో కారు చేరిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే ఎన్ని మైళ్ల దాకా లాక్కెళ్తారో కూడా అడగండి. ఐదు మైళ్ల దాకానే అంటే న్యూ మెక్సికోలో దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) కొట్టి, తీరని రికాల్, అంటే కంపెనీ సరిచేయాల్సిన లోపం, ఏదైనా మిగిలి ఉందేమో చూడండి. ఉంటే డీలరు ఉచితంగా చేస్తాడు.

ఇంకో సంగతి. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత కార్లకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. డల్లాస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. అంటే బ్రేకులూ టైర్లూ ఎలా ఉన్నాయని అడిగేవాడు ఇప్పుడు ఎవడూ లేడు, మీరు తప్ప.

2. ఓబీడీ రీడర్ పెట్టండి. ఇంజన్ లైటు వెలగకపోతే అంతా బాగున్నట్టు కాదు. అమ్మేముందు కోడ్‌లు తుడిచేస్తే లైటు ఆరిపోతుంది. దాన్ని పట్టుకునేది ‘రెడీనెస్ మానిటర్లు’, అంటే కారు తనకు తాను చేసుకునే పరీక్షల జాబితా. రీడర్‌లో అవి చూడండి. సగానికి సగం ‘నాట్ రెడీ’ అని చూపిస్తే, ఈ మధ్యే ఎవరో కోడ్‌లు తుడిచారు లేదా బ్యాటరీ తీసి పెట్టారు. రెండూ తప్పేం కాదు, కానీ ఒక వారం మామూలుగా నడిపి మళ్లీ చూడండి. అప్పటికి కోడ్ తిరిగొస్తే అసలు కథ తెలుస్తుంది.

3. అట్టముక్క పరీక్ష. ఖర్చు లేనిదీ, నేను అన్నిటికన్నా నమ్మేదీ ఇదే. కారును అరగంట నడిపి తెచ్చి, విప్పిన అట్టపెట్టె మీద రాత్రంతా నిలపండి. ఇంజన్ ముక్కు కింద నుంచి వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) దాకా అట్ట పడాలి. ముందు ఎటు, వెనక ఎటు అని స్కెచ్ పెన్నుతో రాసుకోండి, లేకపోతే పొద్దున్న అట్ట లాగాక మచ్చ ఎక్కడిదో తెలియదు.

మామూలు నీళ్లయితే ఏసీ నీళ్లు, వదిలేయండి. నల్లగానో గోధుమరంగుగానో ఉంటే ఇంజన్ ఆయిల్. ఎర్రగా జిడ్డుగా ఉంటే పవర్ స్టీరింగ్. పచ్చగా, వేళ్లకు జారుడుగా, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్. నాలుక్కు రాసుకుని చూడకండి, అది విషం. కుక్క ఉంటే దగ్గరికి రానివ్వకండి. గంధకం వాసన గుప్పుమంటే గేర్ ఆయిల్. చక్రం పక్కన నూనెలా పలచగా కనిపిస్తే బ్రేక్ ఆయిల్. అది కనిపించిన రోజు నుంచి కారు కదపకుండా మెకానిక్‌ను పిలవండి.

ఒకటి రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ ఈ వయసు కార్లకు మామూలే. రూపాయి బిళ్లంత మచ్చ ఉంటే కంగారు లేదు. దోసెంత ఉంటే ప్రయాణం కాదు, రిపేరు.

4. లాక్ నట్టు తాళం. చక్రానికి ఉండే నట్లలో ఒకటి వేరే ఆకారంలో ఉందా? దానికి ప్రత్యేకంగా ఒక తాళం లాంటి సాకెట్ ఉంటుంది. అది మీ దగ్గర ఉందా? డ్యాష్‌బోర్డులో, డిక్కీలో, సీట్ల వెనక అరల్లో వెతకండి. దొరకకపోతే ఈరోజే పాత యజమానికి ఫోన్ చేయండి. నెల దాటితే మీ నంబరు చూసి ఆయన ఎత్తడు. అదీ దొరకకపోతే టైర్ల షాపులో తీయించి మామూలు నట్లు వేయించండి. ఆ ఒక్క నట్టు వల్ల, హైవే పక్కన సాయం వచ్చి కూడా చక్రం ఊడదీయలేక చూస్తూ నిలబడ్డవాళ్లున్నారు.

రెండో వారం: పని చేయించడం

5. టైర్లు. అరుగుదల కంటే ముందు వయసు చూడండి. టైరు పక్క గోడ మీద ‘డాట్’ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ: 2317 అని ఉంటే 2017లో 23వ వారం. ఒక్కోసారి ఆ అంకెలు లోపలి వైపు ఉంటాయి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి టార్చి వేసి చూడాలి. నాలుగూ చూడండి. ముందు రెండూ కొత్తవి వేసి, వెనక పాతవి వదిలేయడం ఎక్కువగా చూస్తుంటాం. మియాటా వెనక చక్రాలతో నడిచే కారు, వాన పడితే జారేది ఆ వెనకవే.

నా లెక్క ఇది: ఆరేళ్లు దాటిన టైరు మీద లాంగ్ ట్రిప్‌కు వెళ్లను, గాడి ఎంత లోతుగా ఉన్నా సరే. “ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి కదా” అంటారు. నిజమే, నల్ల పాలిష్ రాస్తే అన్నీ మెరుస్తాయి. గోరు గుచ్చి చూడండి, గాడుల అడుగున సన్న పగుళ్లు వెతకండి. గాడి లోతుకు క్వార్టర్ బిళ్ల (పావు డాలరు) తలకిందులుగా దూర్చండి. వాషింగ్టన్ తల అంచు టైరులోకి మునిగితే అంగుళంలో ముప్పైరెండో వంతులు నాలుగైనా ఉన్నట్టు. తల మొత్తం బయటికి కనిపిస్తే మార్చేయండి.

గాలి 29 పీఎస్‌ఐ. డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద రాసి ఉంటుంది, మీ కారు స్టిక్కరు ఏమంటే అదే వేదం. టైరు పక్క గోడ మీద ఉండే పెద్ద అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, అంత కొట్టవద్దు. 35 కొట్టించుకుని “కారు ఎగురుతోంది” అని అడిగేవాళ్లు చాలామంది. ఇది తేలిక కారు, ఆరు పీఎస్‌ఐ తేడా నడుముకు తెలుస్తుంది. గాలి చూసేది పొద్దున, కారు కదపకముందు. వాతావరణం పది డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడితే సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది కాబట్టి కొండమీద పొద్దున్నే టైరు లైటు వెలిగితే గుండె జారనక్కర్లేదు, గేజ్ పెట్టి చూస్తే చాలు.

ఈ కారుకు స్టెప్నీ లేదు. డిక్కీ కింద ఎక్కడో ఉంటుందిలే అని వెతక్కండి. కంపెనీ ఇచ్చింది సీలెంట్ డబ్బా, చిన్న పంపు. ఆ డబ్బాకు గడువు తేదీ ఉంటుంది, పాత కారులో అది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందుకే ప్లగ్ కిట్ చెప్పాను. కొనడమే కాదు, టైర్లు మార్పిస్తున్నప్పుడు తీసేసిన పాత టైరుకు మేకు గుచ్చి ఒకసారి ప్లగ్ వేసి నేర్చుకోండి. అది ఎంత బలం పెడితే దిగుతుందో చేతికి తెలిసి ఉండాలి. టైరు పక్క గోడ చిరిగితే మాత్రం ప్లగ్ పనిచేయదు, టో ట్రక్కే దిక్కు.

6. ఇంజన్ ఆయిల్, కూలెంట్. ఆయిల్ 5డబ్ల్యూ-20, ఫిల్టరుతో కలిపి నాలుగున్నర క్వార్టులు. ఐదు క్వార్టుల డబ్బా మొత్తం వంపేయడం తరచూ జరిగే పొరపాటు. నాలుగు పోసి, నిమిషం నడిపి, ఆపి ఐదు నిమిషాలాగి, సమతలంలో డిప్‌స్టిక్ చూసి మిగతాది పోయండి. మిగిలినది డిక్కీలో ఉంచుకోండి, దారిలో పనికొస్తుంది.

కూలెంట్ డబ్బా మీదగానీ మూత మీదగానీ ‘ఎఫ్‌ఎల్22’ అని ఉంటే అదే రకం కొనాలి. షాపులో “అన్ని కార్లకూ పనికొస్తుంది” అని రాసి ఉన్నది తెచ్చి కలపవద్దు. వేడి ఇంజన్ మీద మూత విప్పవద్దని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే గత ఏడాది నాకు తెలిసినతను విప్పాడు. చేతికి తువాలు చుట్టుకున్నాడు కాబట్టి బతికిపోయాడు.

గేర్‌బాక్సు ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్పించండి. గేర్‌బాక్సుకు 75డబ్ల్యూ-90 జీఎల్-4, డిఫరెన్షియల్‌కు జీఎల్-5. మీరే చేసుకుంటే ఒకే ఒక్క సూత్రం: ముందు పోసే నట్టు విప్పండి, ఆ తర్వాతే కిందిది విప్పి ఆయిల్ వదలండి. పైది తుప్పు పట్టి రాకపోతే? కిందిది ముందే విప్పినవాడి దగ్గర ఆయిల్ లేని గేర్‌బాక్సు మిగులుతుంది.

7. బ్రేకులు. ఇక్కడ డబ్బు దాచుకోవద్దు. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి, నిలబడ్డ కారులో ఎవరూ మార్చరు. డబ్బాలో అది తేనె రంగుకు మించి టీ డికాక్షన్‌లా ఉందంటే పాతదే. నీరు పీల్చుకున్న ఆయిల్ ఊళ్లో మామూలుగానే పనిచేస్తుంది. కొండ దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే ఆ నీరు మరిగి ఆవిరవుతుంది, పెడల్ స్పాంజిలా నేలకు దిగిపోతుంది. కాబట్టి ఇది ‘చూద్దాంలే’ బాపతు కాదు.

ప్యాడ్లు మూడు మిల్లీమీటర్లకు వచ్చి ఉంటే మార్చేయాలి. బయటి ప్యాడ్ ఒక్కటే చూసి సరిపెట్టవద్దు. లోపలిది ముందే అరిగిపోయి ఉంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్ను పట్టేసిందని అర్థం, ఈ కార్లకు వెనక చక్రాల్లో అది మామూలు జబ్బు. పిన్ను తీసి, తుడిచి, బ్రేకులకు వాడే గ్రీజు పెడితే తగ్గుతుంది.

ఎలా కనిపెట్టాలి? పది మైళ్లు నడపండి, ఎక్కువ బ్రేకు కొట్టకుండా. ఆగిన వెంటనే థర్మామీటరుతో నాలుగు డిస్కుల వేడి కొలవండి. ముందువి వెనకవాటికంటే వేడిగా ఉండటం సహజం. చూడాల్సింది ఎడమ-కుడి. ఒకే జతలో ఒకటి రెండోదానికంటే 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పైగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేసి ఉంది. థర్మామీటరు లేకపోతే చేయి చక్రానికి దగ్గరగా పెట్టి పోల్చండి, ఆనించవద్దు.

8. బ్యాటరీ, బెల్టు. రాత్రంతా ఆగిన కారులో మల్టీమీటర్ 12.6 వోల్టుల దగ్గర చూపాలి, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య. బ్యాటరీ నాలుగేళ్లు దాటిందీ, ప్రయాణం జూలైలోనూ అయితే పరీక్షలో పాసైనా కొత్తది వేయించడం నయం. ఎండ బ్యాటరీని చలికంటే వేగంగా చంపుతుంది. బెల్టు మీద అడ్డ పగుళ్లు, అంచుల్లో పోగులు కనిపిస్తే మార్చండి. ఏసీ ఆన్ చేసి అరగంట ట్రాఫిక్‌లో నిలబడి ఇంజన్ వేడి ముల్లు కదలకుండా ఉందో లేదో చూడండి.

9. పైకప్పు. మియాటా కొన్నదే దీనికోసం, పట్టించుకోనిదీ దీన్నే. సీట్ల వెనక, గుడ్డ టాపుకూ బాడీకీ మధ్య రెండు పక్కలా వాన నీళ్లు దిగే దారులుంటాయి. ఆకులూ మట్టీ అడ్డం పడితే ఆ నీళ్లు కారులోకే వచ్చి కార్పెట్ కింద చేరతాయి, నెల రోజులకు మీకు దోసెపిండి పులిసిన వాసన వస్తుంది. అరసీసా నీళ్లు నెమ్మదిగా పోయండి. వెనక చక్రానికి కాస్త ముందు, కారు అడుగు నుంచి ధారగా రావాలి. రెండు పక్కలా విడివిడిగా చూడండి. చుక్కలు చుక్కలుగా వస్తే పైనున్న జాలీ తీసి కడిగి, మెత్తని ప్లాస్టిక్ తీగ, గడ్డి కోసే ట్రిమ్మరులో వాడేది, మెల్లగా లోపలికి పంపండి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టవద్దు. లోపల గొట్టం ఊడిపోతే అప్పటిదాకా లేని కొత్త జబ్బు మొదలవుతుంది.

తర్వాత టాపు మూసి, ఒకరిని లోపల కూర్చోబెట్టి పైపుతో నీళ్లు కొట్టండి. అద్దాల పైఅంచు దగ్గర తడి కనిపిస్తే రబ్బరు సీలు తుడిచి సిలికాన్ గ్రీజు పూయండి. సగం కార్లకు అంతటితో తగ్గుతుంది.

మూడో వారం: 300 మైళ్ల రిహార్సల్

10. అందరూ ఎగ్గొట్టేది ఇదే, ఎగ్గొట్టకూడనిదీ ఇదే.

నేను కూడా ఎగ్గొట్టాను. మొదటి ఏడాది, శుక్రవారం సాయంత్రం ఒక షాపులో ఆయిల్, బ్రేకులు అన్నీ చేయించి, శనివారం తెల్లవారుజామున బయలుదేరాను. విచిటా ఫాల్స్‌లో టీ కోసం ఆపితే కారు కింద నల్లటి మడుగు. ఆయిల్ వదిలే నట్టు సరిగ్గా బిగించలేదు. ఇంకో యాభై మైళ్లు వెళ్లి ఉంటే ఇంజన్ పోయేది. చేయించింది మంచిపనే, కానీ చేసిన పని సరిగ్గా ఉందో లేదో చూడటానికి నేను దానికి ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. పని జరిగిన చోటే కొత్త తప్పు పుట్టే అవకాశం ఎక్కువ అని ఆరోజు తెలిసింది.

కాబట్టి అన్ని పనులూ ముగిశాక, బయలుదేరడానికి కనీసం వారం ముందు, ఇలా చేయండి:

మొదటి రోజు 50 మైళ్లు. ఇంటికొచ్చి చక్రాలు చల్లారాక నట్లు టార్క్ రెంచితో మళ్లీ చూడండి. పుస్తకంలో ఉన్నది 65 నుంచి 87 ఫుట్-పౌండ్లు, నేను 80 పెడతాను. నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి బిగించండి. షాపులో గన్‌తో దడదడమని బిగించినదాన్ని నమ్మి వదిలేయవద్దు, అది వదులుగానైనా ఉంటుంది, మీ పానాకు లొంగనంత గట్టిగానైనా ఉంటుంది. ఆ రాత్రి మళ్లీ అట్టముక్క.

రెండో విడత, వారాంతంలో, ఒకేరోజు 250 మైళ్లు. ఓక్లహామా సిటీ దాకా వెళ్లి పెనం మీద అట్టు తిప్పినట్టు వెంటనే తిప్పుకుని వస్తే నాలుగొందలు దాటుతుంది, ఇంకా మంచిది. ఎండవేళ వెళ్లండి. ఏసీ వేసుకుని రెండు గంటలు ఆపకుండా నడపండి. ఒక గంట టాపు తీసి కూడా నడపండి, ఎందుకంటే హైవే వేగంలో ఆ హోరు మీరూ మీ పక్కనున్నవారూ ఎంతసేపు భరించగలరో తెలియాలి. పాత యజమాని సైలెన్సర్ మార్చి ఉంటే ఊళ్లో ముద్దొచ్చిన చప్పుడే 70లో తలనొప్పి. ఇయర్ ప్లగ్‌లు పెట్టుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

నడుపుతూ గమనించాల్సినవి: 60 దగ్గర స్టీరింగ్ వణికితే చక్రాల బ్యాలెన్సింగ్. బ్రేకు కొట్టినప్పుడే వణికితే డిస్కులు. చేయి వదులు చేస్తే కారు ఒక పక్కకు లాగితే అలైన్‌మెంట్ లేదా పట్టేసిన బ్రేకు. ఎత్తు ఎక్కేటప్పుడు టాప్ గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ మోత పెరిగి కారు వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది.

తిరిగొచ్చాక ఆయిల్ గీత చూడండి. 300 మైళ్లకు డిప్‌స్టిక్ మీద తేడా కనిపించీ కనిపించనట్టుంటే బాగున్నట్టే. అర క్వార్టు తాగితే రెండు క్వార్టులు వెంట పెట్టుకుని, పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ చూసుకుంటూ వెళ్లవచ్చు. అంతకంటే ఎక్కువ తాగినా, కూలెంట్ గీత దిగినా, క్లచ్ జారినా, బ్రేకు పెడల్ మెత్తబడినా ఆ ప్రయాణానికి అద్దె కారు తీసుకోండి. హోటల్ బుక్ చేశాం కదా అని ఈ కారునే లాగవద్దు. కొండ ఎక్కడికీ పోదు.

11. సామాను. డిక్కీ 150 లీటర్లు. విమానంలో పైన పెట్టే సైజు పెట్టె ఒకటి పడుతుంది, రెండోది పెట్టాలంటే పాట్లు పడాలి. గట్టి సూట్‌కేసులు వద్దు, మెత్తని సంచులు తీసుకోండి, మూలల్లోకి ఒదుగుతాయి. బయలుదేరే ముందురోజు రాత్రి కాదు, రిహార్సల్ రోజే సామానంతా సర్ది చూడండి. ప్లగ్ కిట్, పంపు, నట్టు తాళం సంచుల కింద పూడిపోకూడదు. సీట్ల వెనక బరువైనవి పెట్టవద్దు, గట్టిగా బ్రేకు కొడితే అవి మీ మెడ మీదికొస్తాయి.

ఆవకాయ సీసా తీసుకెళ్లేట్టయితే రెండు జిప్ కవర్లలో, నిలువుగా. కొండమీదికి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి మూత కింద నుంచి నూనె ఊరుతుంది. నా డిక్కీ కార్పెట్‌లో ఆ ఎరుపు ఇప్పటికీ ఉంది.

టోపీ, సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు. “విజయవాడ ఎండలు చూసినవాళ్లం, ఇదో లెక్కా” అని నేనూ అన్నాను. పదివేల అడుగుల ఎత్తులో చల్లటి గాలి తగులుతుంటే ఎండ తెలియదు. సాయంత్రానికి ముక్కు ఊడొచ్చినంత పనయింది.

దారిలో

12. ట్యాంకు 12.7 గ్యాలన్లు. హైవే మీద 300 మైళ్లు దాటి వస్తుంది కానీ, 200 దాటాక కనిపించిన బంకులో ఆగిపోండి. అమరిల్లో దాటాక ఊళ్ల మధ్య దూరం మీరు అనుకున్నట్టు ఉండదు.

న్యూ మెక్సికో, కొలరాడోల్లో పంపు మీద 85 లేదా 86 ఆక్టేన్ అనే చవక రకం పెట్రోలు కనిపిస్తుంది. దాన్ని కొట్టించవద్దు. కార్బ్యురేటర్ల కాలం నాటి లెక్క అది. ప్రీమియం 91 తీసుకోండి.

ఎత్తుకు వెళ్లేకొద్దీ ఇంజన్ బలం తగ్గుతుంది, ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు మూడు శాతం. 11,018 అడుగుల రెడ్ మౌంటెన్ పాస్ దగ్గర మూడోవంతు బలం ఉండదు. కారు చెడిపోయిందని ఆపి బానెట్ ఎత్తకండి. గేరు తగ్గించి వెళ్లండి. దిగేటప్పుడు కూడా ఎక్కిన గేరులోనే దిగండి, రెండు లేదా మూడు. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచవద్దు. గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయండి, మళ్లీ పెరిగితే మళ్లీ నొక్కండి. కాలుతున్న వాసన వచ్చిందంటే పక్కన ఖాళీ స్థలం చూసి పావుగంట ఆగండి, హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో నిలపండి.

సిల్వర్టన్ నుంచి యూరే వైపు మొదటిసారి వెళ్లండి, అప్పుడు మీరు కొండ వైపు ఉంటారు. తిరుగు దారిలో లోయ అంచు మీది, చాలాచోట్ల రెయిలింగు కూడా ఉండదు. ఒకసారి దారి చూసి ఉంటే చేతులు వణకవు.

ప్రతి ఉదయం ఐదు నిమిషాలు: ఆయిల్ గీత, కూలెంట్ గీత, నాలుగు టైర్ల గాలి, కారు కింద ఓ చూపు. మడిచి డిక్కీలో పెట్టుకున్న ఆ అట్టముక్క రాత్రి హోటల్ పార్కింగులోనూ పరవండి. చూసినవాళ్లు నవ్వుతారు. ఒక రాత్రి యూరేలో పక్క కారాయన నవ్వి, పొద్దున్నే వచ్చి అదే అట్ట అరువడిగాడు.